చిటపటల సాక్ష్యం

వెన్న కాచేటప్పుడు మీరు గిన్నెలోకి తొంగి చూస్తారా, చెవితో వింటారా? మా అమ్మ వినేది. చిటపటలు సద్దుమణిగాయంటే నీళ్ళు ఇగిరిపోయాయన్నమాట. పక్కగదిలో జడ వేసుకుంటూనే "ఒసేయ్, నెయ్యి దింపవే, మాడిపోతుంది" అని కేకేసేది. ఆ చెవి ఒకనాడు మోటారు కారుకి కూడా పనికొస్తుందని ఆవిడ కల్లో కూడా అనుకుని ఉండదు.

మా నాన్నగారు రామచంద్రపురంలో రైసుమిల్లు గుమాస్తా. 1978లో ఆ పద్దులకి దణ్ణం పెట్టి, పాత అంబాసిడర్ ఒకటి కొని టాక్సీ తిప్పుతానన్నారు. అప్పట్లో మా ఊరికి రైలు లేదు. అసలెప్పుడూ లేదని కాదు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి వేసిన లైను మా ఊరి మీదుగానే పోయేది. 1940లో, యుద్ధం రోజుల్లో, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాల్సొచ్చింది. కనక పెళ్ళివారు కదలాలన్నా, పురిటి మనిషిని కాకినాడ ఆస్పత్రికి చేర్చాలన్నా బస్సో టాక్సీయో తప్ప గతి లేదు. నాన్నగారి లెక్క బాగానే ఉంది, పెట్టుబడే లేదు. అమ్మ కాసులపేరు తాకట్టుకి వెళ్ళింది.

నాలుగు నెలలు కారు బుద్ధిగా తిరిగింది. ఐదో నెల, వానలు పట్టిన రోజుల్లో, ఇంజను అడుగు నుంచి ఢకఢకమని ఒక చప్పుడు మొదలైంది. నాన్నగారు చూపించిన మెకానిక్కు రెండు నిమిషాలు విని, "ఇంజను మొత్తం పోయిందండి. బోరు కొట్టించాలి, పిస్టన్లు మార్చాలి" అని ఒక అంకె చెప్పాడు. నాన్నగారు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డారు. అమ్మ ఒక్క మాటా అనలేదు. ఊరికే మెడ తడుముకుంది. తిట్టినా బాగుండుననిపించింది నాకు.

ఆ సాయంత్రమే మిల్లు ఇంజను మేస్త్రిగారిని పిలిపించారు. కార్ల మేస్త్రి కాడాయన. కానీ మన డెల్టాలో యంత్రం నాడి తెలిసినవాళ్ళు ముందు పుట్టింది మిల్లుల్లోనే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పొలాలు పండాయి. పండిన ధాన్యానికి తర్వాత్తర్వాత మిల్లులొచ్చాయి, వాటిని తిప్పడానికి ఆయిలింజన్లొచ్చాయి. కోతల రోజుల్లో బళ్ళు బారులు తీరి ఉంటే, "ఏం జబ్బో విప్పి చూద్దాం" అంటే ఏ యజమాని ఊరుకుంటాడు? విప్పకముందే చెప్పగలిగినవాడే మేస్త్రి.

ఆయన బోనెట్ ఎత్తి, చారెడు పొడుగున్న స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. పైన ఒకచోట, పక్కన ఒకచోట, అడుగున ఇంకోచోట. "పైన టిక్కుటిక్కుమనేది వాల్వులండి, దానికి భయం లేదు. పిస్టను వదులైతే చల్లగా ఉన్నప్పుడే మోత ఎక్కువ, వేడెక్కితే తగ్గుద్ది. ఇది వేడెక్కేకొద్దీ పెరుగుతుందండి. బేరింగు" అన్నాడు. తర్వాత ఇంజను నడుస్తుండగానే ఒక్కో ప్లగ్గు వైరూ పీకుతూ పోయాడు. ఒకటి, రెండు, ఏమీ తేడా లేదు. మూడోది పీకగానే ఆ ఢకఢక చప్పున అణిగిపోయింది. ఆ సిలిండర్లో పేలుడు ఆగితే అక్కడి బేరింగు మీద దెబ్బ పడదు కదా. నాలుగింట్లో జబ్బు మూడోదానిదే.

ఈ విద్య మేస్త్రులదీ డాక్టర్లదీ ఉమ్మడి ఆస్తి అని నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. 1761లో వియన్నాలో ఔయెన్‌బ్రుగ్గర్ అనే డాక్టరు, రోగి రొమ్ము మీద వేళ్ళతో తట్టి లోపల నీరు చేరిందో లేదో చెప్పొచ్చని పుస్తకం రాశాడు. ఆయన తండ్రికి పూటకూళ్ళ సత్రం ఉండేది. పీపాల మీద తట్టి సారా మట్టం కనుక్కోవడం అక్కడే చూశాడంటారు. కొబ్బరికాయ తట్టి కొనే మనకి ఇందులో వింతేమీ లేదనుకోండి. 1816లో పారిస్ డాక్టరు లెనెక్, ఒక ఆడమనిషి గుండె మీద చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. మన స్టెతస్కోపు పుట్టుక అదీ. సామర్లకోటలో రైలాగితే చక్రాల మీద సుత్తితో ఠంగుమనిపిస్తూ పోయే మనిషిని మీలో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. ఆయనా ఆ బళ్ళోవాడే. బీటలు వారిన చక్రం బీటలు వారిన కుండలాగే బొంగురుపోతుంది.

సరే, బేరింగు అన్నాడు. మరి ఎందుకు పోయినట్టు? మేస్త్రిగారు డిప్‌స్టిక్ పైకి తీశాడు. ఆయిలు కొంచెం పాలిపోయి ఉంది. "నీళ్ళు కలిసినట్టుందండి. వానాకాలం చెమ్మే కావచ్చు, హెడ్ గాస్కెట్టు కొట్టేసి రేడియేటరు నీళ్ళే దిగుతూ ఉండొచ్చు" అని నసిగాడు.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ అప్పుడు నోరు విప్పింది. "నీళ్ళున్నాయో లేవో తెలీడానికి అంత ఆలోచనెందుకండీ మేస్త్రిగారూ!" అని పెరట్లో కుంపటి మీద పాత పెనం పెట్టింది. కొత్త డబ్బాలోంచి ఒక చుక్క వేసింది. ఉలుకూ పలుకూ లేదు. డిప్‌స్టిక్ మీది చుక్క వేసింది. చిటపటచిటపట! తిరగమోతే.

మేస్త్రిగారు కాసేపు అమ్మ వంకే చూశాడు. తర్వాత చల్లారిన ఇంజను రేడియేటరు మూత తీసి, స్టార్టు చేయించి చూస్తే లోపల బుడగలు. ఇక అనుమానం లేదు. గాస్కెట్టు పోయింది, నీళ్ళు ఆయిల్లోకి దిగాయి. బేరింగునీ క్రాంకునీ ఒకదానికొకటి తగలకుండా కాపాడేది పల్చటి ఆయిలు పొరే. నీళ్ళు కలిస్తే ఆ పొర నిలవదు.

విప్పారు. మూడో బేరింగు చిప్ప అరిగి రాగిరంగు తేలింది. పిస్టన్లు శుభ్రంగా ఉన్నాయి, బోరు అక్కర్లేదు. మేస్త్రిగారు పూర్తిగా గెలిచాడనడానికీ లేదు. క్రాంకుకి ఏమీ కాలేదని పందెం కాశాడు, దాని మీదా గీతలు పడ్డాయి. కాకినాడ పంపి గ్రైండింగు పట్టించి, అండర్ సైజు బేరింగులు వేయాల్సొచ్చింది. అయినా ఖర్చు మొదటి అంకెలో మూడో వంతు దాటలేదు. ఇంకో పది రోజులు అలాగే తిప్పి ఉంటే కాసులపేరు ఖాయంగా మునిగిపోయేది.

ఆయిలు పుట్టించే సాక్ష్యాన్ని పెద్ద ఎత్తున వాడుకున్నది రైల్వేలు. 1946లో అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వేవాళ్ళు డీజిలింజన్ల పాత ఆయిల్ని ప్రయోగశాలలో మండించి, ఆ వెలుగులోని గీతల్ని బట్టి ఏ లోహం ఎంత కలిసిందో లెక్కకట్టారు. రాగి, సీసం కనిపిస్తే బేరింగులు. ఇనుమైతే సిలిండర్లో క్రాంకో. మనకి రక్తపరీక్ష ఎలాగో అదీ అలాగే. ఇప్పటి కార్లలో అయితే ఇంజనుకే ఒక చెవి అతికించి పంపుతున్నారు, నాక్ సెన్సరని. పెట్రోలు అదుపు తప్పి పేలితే అది కనిపెడుతుంది. బేరింగు గోడు వినడం దాని పని కాదు. అంబాసిడర్ మాత్రం ఏ సెన్సర్లూ లేని రోజుల్లో, 1957లో, పుట్టింది. 2014లో తయారీ ఆగిపోయింది.

కాసులపేరు రెండేళ్ళకి విడిపించాం. ఈలోగా అమ్మకి కొత్త తంటా వచ్చిపడింది. మేస్త్రిగారు నెలకోసారి ఎవరి కారుదో, ఎవరి లారీదో ఆయిలు చిన్న సీసాలో పోసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"అమ్మగారూ, కాస్త కాచి చెబుతారేంటండీ?"

"వంటింట్లో ఆ కంపు కుదరదు బాబూ. పెరట్లోకి రండి" అనేది అమ్మ, పెనం కోసం వెతుక్కుంటూ.