నీళ్ల నడుమ పోయిన రాజ్యం

మేము కొత్తగా కాపురం పెట్టిన స్కాట్లండ్‌లోని కిన్‌రాస్ ఊరి ఒడ్డున నిలబడితే లాక్ లెవెన్ సరస్సు మధ్య ఆ కోట కనిపిస్తుంది. పడవ దిగితే చుట్టూ చెట్లు, కప్పులేని బురుజు. ఆ చెట్ల నేల పందొమ్మిదో శతాబ్దంలో సరస్సు మట్టం దించాక బయటపడింది. మేరీ రాణిని చెర తెచ్చిన 1567 జూన్‌లో నీళ్లు దాదాపు గోడల దాకా ఉండేవి.

పుట్టిన ఆరో రోజున తండ్రి పోయి స్కాట్లండ్‌కు రాణి అయిన బిడ్డ ఆమె. ఐదేళ్లకే ఫ్రాన్స్ చేరి, అక్కడి కోడలై, పద్దెనిమిది నిండకముందే భర్తను పోగొట్టుకుంది. రెండో భర్త డార్న్‌లీ హత్యకు గురైతే, హంతకుడని అందరూ వేలెత్తి చూపిన బాత్‌వెల్‌నే మూడు నెలలకు పెళ్లాడింది; ఆ పెళ్లే ఆమెను చెరకు చేర్చింది. ఇష్టంతోనా, బలవంతానా అన్న తగవు చరిత్రకారులకింకా తెగలేదు. నా మనసు మాత్రం ఈ గోడల మధ్య జరిగినదాన్ని దాటిపోలేకపోయింది.

ఇక్కడే ఆమె కడుపులోని కవలలు పోయారు. నెత్తురు పోయి మంచం దిగలేని స్థితిలో ఉండగానే, జూలై 24న లిండ్సే ప్రభువు సింహాసనం వదులుకునే కాగితాలు ముందుపెట్టాడు. సంతకం చేయకపోతే ప్రాణం దక్కదన్నారు. ఇరవై నాలుగేళ్ల రాణి సంతకం చేసింది. ఐదు రోజులకు స్టర్లింగ్‌లో ఏడాది దాటిన ఆమె కొడుకు జేమ్స్‌కు కిరీటం పెట్టారు. పెత్తనం ఆమె సవతి అన్న మొరే చేతికి పోయింది. ఈ కోట యజమాని మొరేకు తల్లి వైపు తమ్ముడు. ఇక్కడి పెద్దావిడ మొరే కన్నతల్లి. చెర కూడా చుట్టాల ఇంట్లోనే!

మరుసటి మార్చిలో చాకలామె వేషంలో పడవెక్కితే, తెల్లని చేతులు చూసి పడవవాడు గుర్తుపట్టాడంటారు. మే 2న విల్లీ డగ్లస్ అనే కుర్రాడు భోజనాల వేళ తాళంచేతులు కాజేసి, ఆమెను దాటించి, వెనక తలుపు బిగించి వాటిని నీళ్లలోకి విసిరేశాడట.

స్వేచ్ఛ మిగిలింది రెండు వారాలే. లాంగ్‌సైడ్ పోరులో ఆమె సైన్యం చెదిరింది. ఫ్రాన్స్‌కు పోయినా బతికేదేమో! బంధువైన ఇంగ్లండ్ రాణి ఎలిజబెత్‌ను నమ్మి, సాల్వే అఖాతం దాటి ఆ దేశంలో అడుగుపెట్టింది. దాదాపు పందొమ్మిదేళ్ల నిర్బంధం తర్వాత, 1587 ఫిబ్రవరి 8న ఫోథరింగేలో తల నరికారు.

కొడుకును ఆఖరిసారి చూసినప్పుడు వాడు పది నెలల పసివాడు. తల్లికి శిక్ష పడేనాటికి ఇరవై ఏళ్ల రాజు. ఉత్తరాలు రాశాడు, రాయబారులను పంపాడు, ఇంగ్లండ్‌తో పొత్తు మాత్రం తెంచుకోలేదు. 1603లో ఆ సింహాసనమూ ఎక్కాడు. తల్లి శవపేటికను వెస్ట్‌మిన్‌స్టర్‌కు తెప్పించింది 1612లో. ఆ ఆలస్యం నాకు మింగుడుపడదు.