మూసిన యింటి గాలి



చలిదేశముల యిండ్ల చరిత్ర యొకటి నేడు విన్నవించెదను. మన మండువా లోగిలికి నడుమ నాకాశమే కప్పు గనుక, గాలి యెటు వచ్చునని మన పెద్దలు విచారింపవలసిన పని లేకపోయెను. మంచు కురియు దేశములలో నట్లు గాదు. అచ్చట శీతకాలమున తలుపుసందునుండి పోవు వెచ్చదనమెల్ల ధనమే. దానిని పోనీయకున్నచో మరియేమి పోవునో తెలియుటకు వారికి నూరేండ్లకు పైగా బట్టెను.

1858లో మ్యూనిక్ నగరమున మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అను శాస్త్రజ్ఞుడు, మనుష్యులు విడుచు బొగ్గుపులుసు వాయువు గదిలో వేయింట నొక పాలు మించరాదని చెప్పెను. ఆ కొలదిలో నా వాయువే విషమని యాతని మతము గాదు. అది పెరిగిన, దేహములనుండి వెలువడు తక్కిన మాలిన్యములును పెరిగినవనుటకు గుర్తు. కంటి కగపడని దోషమునకు కొలబద్ద యట్లు దొరికెను. 1895లో అమెరికా యింజనీర్ల సంఘమొకటి మనిషి యొక్కనికి నిమిషమునకు 30 ఘనపుటడుగుల క్రొత్తగాలి కావలెనని సిఫారసు చేసెను.

పిదప 1973 అక్టోబరులో పశ్చిమాసియాయందు యుద్ధము వచ్చెను. అరబ్బు దేశములు కొన్ని రాజ్యములకు చమురు నాపివేసెను. కొలది నెలలలో ధర యించుమించు నాలుగింతలాయెను. అప్పుడు వేడిని కాపాడుటయే దేశసేవ యనిపించుకొనెను. సందులు పూడ్చిరి, తెరువరాని కిటికీలతో కార్యాలయములు కట్టిరి. 1981లో, మునుపటి సంఘమునకు వారసమైన సంఘమే, పొగత్రాగని చోట్ల 5 ఘనపుటడుగులు చాలునని నియమము వ్రాసెను. ముప్పది యెక్కడ, అయిదెక్కడ!

అట్టి భవనములలో పనిచేయువారికి తలనొప్పి, కన్నుల మంట, గొంతు ఎండుట, అలసట పుట్టుచుండెను. వెలుపలికి పోగానే తగ్గుచుండెను. వైద్యులు ఒక్క కారణము చూపజాలక భవనమునకే రోగమంటగట్టి 'రోగగ్రస్త భవనము' అని పేరిడిరి. నేరమంతయు గాలిలేమిదే యనుట న్యాయము గాదు. క్రొత్త తివాచీలు, జిగురులు, అదిమి చేసిన చెక్కలు ఆవిరులు విడుచుచుండెను. పూర్వము సందులగుండ దూరిన గాలి వానిని మోసికొనిపోయెడిది. ఇప్పుడా పని చేయువారు లేరైరి. 1989లో సంఘము తన నియమమును దిద్దుకొని కనీసము 15, కార్యాలయములకు 20 ఘనపుటడుగులని నిర్ణయించెను.

కెనడా దేశపు కథ మరింత కష్టమైనది. 1977 మొదలుకొని ప్రభుత్వము, గోడలలో చలి నాపు పదార్థము నింపుకొనుటకు గృహస్థులకు ధనసహాయము చేసెను. పలువురు గోడల బోలులో యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగు పోయించిరి. పాళ్లు తప్పి కలిపినచోట నా నురుగునుండి ఫార్మాల్డిహైడ్ ఆవిరి యింటిలోనికి వచ్చెను. 1980 డిసెంబరులో దానిని నిషేధించిరి. నింపుటకు ధనమిచ్చిన ప్రభుత్వమే, గోడలు విప్పి తీయించుటకు మరల ధనమిచ్చెను! దొరతనము మంచిదని చెప్పిన మాట నమ్మిన గృహస్థుడు మాత్రము ఆ నడిమి యేండ్లు తన బిడ్డలతో ఆ గాలినే పీల్చెను.

అయినను బిగింపుటయే తప్పని వాదించువారితో నేను ఏకీభవింపను. ఆ కెనడాలోనే, ఆ 1977లోనే, సస్కాచెవాన్ రాష్ట్రపు రెజైనా నగరమున ప్రయోగార్థమొక యిల్లు కట్టిరి. దాని గోడలు దళసరి. సందులు మిక్కిలి బిగువు. కాని గాలికి వేరొక త్రోవ యేర్పరచిరి. చెడిన వెచ్చనిగాలి వెలుపలికి పోవునపుడును, క్రొత్త చల్లనిగాలి లోనికి వచ్చునపుడును ఒక పెట్టెలో పలుచని పొరల కటునిటు ప్రవహించును. రెండును కలియవు, వేడి మాత్రము పొరనుదాటి క్రొత్తగాలికి చేరును. నేటి చలిదేశపు క్రొత్త యిండ్లలో నట్టి పెట్టె పలుచోట్ల కలదు. ఆ పెట్టెలోని వడబోత గుడ్డను అప్పుడప్పుడు శుభ్రము చేయవలెను. మురికిచే నది మూసికొనిపోయిన, ఇల్లు తిరిగి 1981 నాటి యిల్లే యగును.