సభ్యుల సభలో వినోదము: బళ్లారి నుండి చెన్నపురికి

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున వెలసిన నాటక సమాజములను గూర్చి వ్రాయునపుడు మన సాహిత్య చరిత్రకారులు నాటక కృతులకే ప్రాధాన్యమిచ్చిరి. ఆ కృతులకు ఆశ్రయమైన సభల స్వరూపమును అంతగా విచారింపలేదు. ఈ సభలు కేవలము ప్రదర్శన సంస్థలు కావు. ఉద్యోగులు, న్యాయవాదులు, విద్యార్థులు సాయంకాలములందు కలిసికొను సభ్యుల కూటములు. కావున వీని చరిత్రయందు ఒక మౌలిక ప్రశ్న ఇమిడియున్నది: పెద్దమనుష్యుల కూటములోనికి వేడుక ఏ దారిని ప్రవేశించినది?

బళ్లారిలో న్యాయవాది ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) నడపిన సభ పేరు 'సరస వినోదిని'. అచ్చటనే కోలాచలము శ్రీనివాసరావు (1854-1919) ఆధ్వర్యమున నడచినది 'సుమనోరమ'. చెన్నపురిలో 1891 జూలై 1వ తేదీన పుట్టినది 'సుగుణ విలాస సభ'. ఈ మూడు నామములను పరిశీలింపుడు. 'వినోదము'నకు 'సరస' శబ్దమును, 'విలాసము'నకు 'సుగుణ' శబ్దమును పూర్వపదములుగా నిలిపినారు. 'సుమనోరమ' యన్నచో మిక్కిలి మనోహరమైనది యనియు, సుమనస్కులను రంజింపజేయునది యనియు రెండర్థములు పొసగును. వేడుక కావలెను, కాని దానికి గౌరవమను హామీ ఉండవలెను. నటవృత్తి అగౌరవముగా ఎంచబడిన ఆ కాలమున ఈ పేర్లు అలంకారములు మాత్రమే కావు. సంఘమునకు చెప్పుకొన్న సమాధానములు.

ఈ సమాధానము ఫలించినదనుటకు సుగుణ విలాస సభ పుట్టుకయే నిదర్శనము. దాని స్థాపకులలో ముఖ్యుడు పమ్మల్ సంబంధ మొదలియారు (1873-1964). ఆయనకు తమిళ నాటకములపై మొదట చిన్నచూపే ఉండెను. 1891లో బళ్లారి సభవారు చెన్నపురికి వచ్చి తెలుగు నాటకములు ప్రదర్శించిరి. చదువుకొన్నవారు, పదవులలో ఉన్నవారు వేషములు ధరించి ఆడుట చూచి, పదునెనిమిదేండ్ల ఆ యువకుని అభిప్రాయము తలక్రిందులైనది. ఆయన తన రంగస్థల స్మృతులలో ఈ ఋణమును దాచుకొనలేదు. తమిళ నాటక చరిత్రలోని ఒక ప్రధానాధ్యాయమునకు ప్రేరణ తెలుగు ప్రదర్శనమగుట మన విద్యార్థులు గుర్తింపదగిన విషయము.

ఆ సభలో సంబంధ మొదలియారు 'మనోహర' మొదలైన నాటకములను తానే వ్రాసెను, తానే ఆడెను. న్యాయవాది రంగవడివేలు ఆయన సరసన స్త్రీ పాత్రలు ధరించెను. దేశనాయకుడు ఎస్. సత్యమూర్తి (1887-1943) సైతము ఆ సభ రంగస్థలమెక్కినవాడే. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. సభ్యులు వేడుకను వెలయిచ్చి తెప్పించుకొనలేదు. పాఠము వల్లించుట, ఒద్దికలు చేయుట, వేషము వేసికొనుట - ఈ శ్రమయంతయు వారిదే. పగలు న్యాయస్థానమున వాదించినవాడు రాత్రి తోటి సభ్యుని యెదుట తన పాఠము మరచిపోవుటకు భయపడెను. ఆ భయమునుండియే ఉత్సాహము, ఆ ఉత్సాహమునుండియే స్నేహము పుట్టినవి.

అయినను ఈ వేడుక అందరిదీ కాదు. సభలు 'గౌరవము'ను గీతగా గీచికొన్నప్పుడు, జీవనోపాధికై ఆడు నటులు ఆ గీతకు ఆవలనే మిగిలిరి. స్త్రీలకు రంగస్థలమున చోటు లేకపోయెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్లారి రాఘవ (1880-1946) పట్టుపట్టుట ఆ పరంపరలోనుండియే వెలువడిన విమర్శ. ఆయన ధర్మవరమువారి మేనల్లుడగుట ఈ విమర్శకు మరింత బలము నిచ్చుచున్నది. గౌరవము కొరకు కట్టిన గోడను, ఆ గౌరవమును వారసత్వముగా పొందినవాడే ప్రశ్నించెను.

చలనచిత్రములు వ్యాపించిన పిమ్మట సభ్యుల నాటకములు క్రమముగా తగ్గినవి. సుగుణ విలాస సభ మౌంటురోడ్డున సభ్యుల క్లబ్బుగా నిలిచినది. నాటకము దానికి కేంద్రముగా నిలువలేదు. ఈ మార్పును పతనమని తేలికగా నిర్ణయింపరాదు. విశ్రాంతి కోరు సభ్యునికి ఆటయు అవసరమే. కాని ఒక భేదము స్పష్టము. ఆటలో సభ్యుడు తన పొద్దు పుచ్చుకొనును. నాటకములో పదుగురి పొద్దునకు బాధ్యుడగును. క్లబ్బులో ఉత్సాహము సన్నగిల్లినదని చింతించువారు క్రొత్త సదుపాయములకన్న ముందు ఈ బాధ్యతను వెదకవలెను.

కావున పరిశోధక విద్యార్థులు నాటక కృతులతోపాటు సభల నియమావళులను, చందా పుస్తకములను, కార్యక్రమ పత్రములను కూడ సేకరింపవలెను. ఎవరు ఆడిరో కృతి కొంత చెప్పును. ఎవరిని ఆడనీయలేదో ఆ కాగితములే చెప్పగలవు.