దిద్దుటకు లొంగిన గీత

తాటియాకుపై గంటముతో చెక్కిన యక్షరమును చెరపుట యెవరి తరమును గాదు. తప్పిన లేఖకుడు దానిని కొట్టివేసి, ప్రక్కన సరియైన యక్షరమును వ్రాయవలసినదే. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుడు కరక్కాయ రసము పట్టించిన గుడ్డపై, ఇనుమును బెల్లమును నానవేసి తీసిన నల్లరంగుతో గీచిన గీతయు నట్టిదే. పలకపై బలపపు గీత యిందులకు విరుద్ధము. తడిబట్టతో తుడిచిన నంతయు పోవును. మరల మొదటినుండి వ్రాయవలయును. ఒకటి నిలుచును గాని దిద్దరాదు; రెండవది చెరపవచ్చును గాని నిలువదు. బడిలో నేను పిల్లలచేత దిద్దించినది యీ రెండవ గీతయే. నిలుచుచునే దిద్దుబాటునకు లొంగెడి మూడవ గీత యొకటి యిరువదవ శతాబ్దమున పుట్టినది. మీ మనుమలు చూచెడి కదలుబొమ్మలలో ననేకము నేడు దానితోనే తయారగుచున్నవి. దాని చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

చలనచిత్రమున సెకనునకు 24 చిత్రములు కన్నుల యెదుట నడచును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఛాయాగ్రహణము చేసినను, నిమిషమునకు 720 బొమ్మలు కావలయును. అమెరికా దేశమున ఎర్ల్ హర్డ్ అను నాతడు, పారదర్శకమగు సెల్యులాయిడ్ రేకులపై బొమ్మలు వేయు పద్ధతికి 1914లో పేటెంటు కోరెను. వెనుకనుండు చెట్లను, ఇండ్లను ఒక్కమారు చిత్రించి, కదలెడి పాత్రను మాత్రము రేకులపై వేసి దానిమీద పరచిన చాలును. చిత్రకారుడు కాగితముపై పెన్సిలుతో గీచిన గీతను రేకు ముందువైపున సిరాతో ఎత్తివ్రాయుదురు. వెనుకవైపున రంగు నింపుదురు. డిస్నీ సంస్థలో నీ పని చేసినవారు చాలవరకు స్త్రీలే. 1937లో వెలువడిన ‘స్నో వైట్’ చిత్రము వారి యోర్పునకు సాక్ష్యము. చేయి వణకిన రేకు చెడును. పాత్ర తొడిగిన వస్త్రము రంగు మార్చవలెనన్న, పూసిన రేకులన్నియు మరల పూయవలయును.

1961లో ‘నూటయొక్క డాల్మేషియన్లు’ అను చిత్రమునకై, కచేరీలలో కాగితములకు నకలు తీయు జెరాక్సు పద్ధతిని రేకులకు మలచుకొనిరి. పెన్సిలు గీత నేరుగా రేకుపై పడెను. సిరాతో నెత్తివ్రాయు స్త్రీల పని చాలవరకు తీరిపోయెను. రంగు నింపువారు మిగిలిరి. గీత త్వరగా నకలైనదే గాని, దిద్దుబాటునకు లొంగలేదు.

ఇక కంప్యూటరు యంత్రము. అందు గీతను నిలుపుటకు రెండు మార్గములు గలవు. మొదటిది 1973లో జెరాక్సు వారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రిచర్డ్ షూప్ నిర్మించిన ‘సూపర్ పెయింట్’ మార్గము. తెరను సన్నని చుక్కలుగా విభజించి, ప్రతి చుక్కకు నొక రంగు సంఖ్యను కేటాయించిరి. నేతగుడ్డలోని పోగువలె ప్రతి చుక్కయు తన రంగునే యెరుగును. తాను ఏ గీతకు చెందినదో యెరుగదు. గీతను వంచదలచిన దానిని చెరపి మరల గీయవలసినదే. ఇది పలక జాతి.

రెండవ మార్గము అంతకుముందే మొలకెత్తినది. 1963లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లాండ్ తన పరిశోధనకై ‘స్కెచ్‌ప్యాడ్’ అను నేర్పాటు గావించెను. కాంతికలముతో తెరపై గీచిన గీతను యంత్రము, దాని కొనలను బట్టియు సంబంధములను బట్టియు జ్ఞాపకముంచుకొనెను. ఫ్రాన్సు దేశపు మోటారు కార్ఖానాలలో, సిట్రోయెన్‌నందు ద కాస్టెల్జో, రెనోయందు బెజియే, కారు వంపులను గణించుటకు కొలది బిందువులతో వక్రరేఖను శాసించు విధానమును వేర్వేరుగా కనిపెట్టిరి. మన యింటి ముంగిట మెలికల ముగ్గును తలచుకొనుడు. గీత చుక్కను తాకకయే దాని చుట్టును తిరుగును. చుక్క స్థానము మారిన మెలికయు మారును. ఈ వక్రరేఖయు నట్టిదే. కొనలయందు బిందువులను తాకును. నడిమి బిందువులు దానిని దూరమునుండియే లాగుచుండును. పాణిని రూపములన్నిటిని పట్టికగా వ్రాయక, ధాతువులను సూత్రములను నిలిపి రూపములను సాధించెను గదా! ఇచ్చటను యంత్రము నిలుపునది గీత కాదు, గీతను సాధించు సూత్రము.

దీని ఫలము 1974లో కనబడినది. కెనడా జాతీయ పరిశోధన మండలిలో బర్ట్‌నిక్, వైన్ అను శాస్త్రజ్ఞులు నిర్మించిన సాధనముతో పీటర్ ఫోల్డెస్ ‘ఆకలి’ యను చిన్నచిత్రమును తీసెను. ఆది రూపమును అంత్య రూపమును చిత్రకారుడు గీయగా, నడిమి రూపములను యంత్రము కూర్చెను. 1990లో డిస్నీ వారి ‘రెస్క్యూయర్స్ డౌన్ అండర్’ చిత్రమున సెల్యులాయిడ్ రేకులే లేకపోయెను; కాగితముపై గీచిన బొమ్మలకు రంగులు యంత్రమునందే నింపిరి. ఇటలీలో పుట్టిన ‘టూన్జ్’ అను సాధనమును జపాను దేశపు జిబ్లీ చిత్రశాల 1997 నాటి ‘ప్రిన్సెస్ మొనొనొకె’కు వాడెను. 2016లో అది యెల్లరకు నుచితముగా లభ్యమైనది. దానియందు గీతకు రంగు అంటదు; రంగు సంఖ్య మాత్రమే యంటును. పట్టికలో నా సంఖ్యకు ఎరుపు బదులు పచ్చ నిచ్చిన, వేయి బొమ్మలలోని వస్త్రములు నొక్క క్షణమున పచ్చబడును. గీత సన్నమా లావా, వంపు ఎంత యనునవియు నట్లే తరువాత మార్చుకొనవచ్చును. 2008లో ప్రారంభమైన ‘ఛోటా భీమ్’ బొమ్మలు మన హైదరాబాదునందే తయారైనవి. మన పల్లెల బిడ్డలకును ఈ వృత్తి దూరము కాదు.

అయినను ఒక నష్టము గలదు. తాళపత్రమునందలి కొట్టివేతను జూచి, లేఖకుడు మొదట నేమి తలచెనో, ఎచ్చట తడబడెనో పండితుడు గ్రహించును. పాఠపరిష్కరణమునకు ఆ తప్పులే దీపములు. నాటి స్త్రీలు పూసిన రేకులు కొన్ని నేటికిని నిలిచి, వారి చేతినేర్పును చాటుచున్నవి. క్రొత్త గీత దిద్దిన కొలది నున్ననగును. పాత వంపును వేరుగ దాచనిచో దాని జాడయే మిగులదు. శ్రమ తగ్గుట మేలే. శ్రమకు సాక్ష్యము పోవుట మేలు కాదు. కావున మీ యింటి బిడ్డ యెవరైన నీ విద్య నభ్యసించుచున్నచో, దిద్దుటకు ముందు మొదటి గీతకు నొక ప్రతి తీసి భద్రపరచు మని చెప్పుడు. రేపటి చరిత్రకారునకు పనికివచ్చునది యా ప్రతియే.