వ్యవసాయ కూలీల రక్షణ చట్టాలు (పరిటాల ప్రాంతం)

ఎన్టీఆర్ జిల్లా కంచికచర్ల మండలంలోని పరిటాల, పక్కనున్న నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పొలాల్లో పత్తి, మిరప ప్రధాన పంటలు. రెండింటికీ కోతకు చేతులే ఆధారం. తెల్లవారకముందే కూలీల ముఠా ఆటో ఎక్కుతుంది; సాయంత్రం మిరపకాయలు కాటా వేసి కిలోల లెక్కన కూలి కడతారు.

ఈ కాటా లెక్కను 1948 కనీస వేతనాల చట్టం పట్టించుకుంది. రోజుకు కనీస వేతనం ఖరారై ఉన్న పనిలో, పరిమాణాన్ని బట్టి కూలి ఇచ్చినా ఆ మొత్తానికి తగ్గకూడదంది. మగవారికి ఒక రేటు, ఆడవారికి ఒక రేటు అనే అలవాటును 1976 సమాన వేతన చట్టం నిషేధించింది. ఊళ్లలో ఆ అలవాటు మాత్రం అంత తేలిగ్గా పోలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఈ రెండింటి స్థానం తీసుకుంది.

అప్పు కింద పాలేరును కట్టిపడేయడం 1975 అక్టోబరు 25 నుంచి చెల్లదు. వెట్టి బాకీ రద్దయినట్టే. ప్రమాద పరిహారానిది వేరే కథ. 1923 నాటి పరిహార చట్టం ట్రాక్టరు వంటి యంత్రాలతో సేద్యం చేసేవారిని పేర్కొంది.