అరకు రైలు అడుగున తొట్టి

విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు అనంతగిరి కొండలెక్కుతున్నంతసేపూ అందరి కళ్లూ కిటికీల వైపే ఉంటాయి. అదే సమయంలో బోగీ అడుగున, మరుగుదొడ్డి కింద బిగించిన స్టీలు తొట్టిలో, గాలి సోకని చీకట్లో సూక్ష్మజీవులు మనిషి మలాన్ని నీరుగా, వాయువుగా విడగొడుతుంటాయి. ఈ ఏర్పాటు మొదట రైలు కోసం పుట్టింది కాదు. సియాచిన్ వంటి చోట్ల చలికి మలం కుళ్లదు, ఏళ్లకేళ్లు అలాగే పడి ఉంటుంది. అక్కడ కాపలా కాసే సైనికుల కోసం గ్వాలియర్‌లోని రక్షణ ప్రయోగశాల దీన్ని రూపొందించింది. మంచుకొండల కోసం పుట్టిన విద్య కాఫీ తోటల పక్కనుంచి సాగే రైలు కిందికి చేరిందంటే ఎంత ముచ్చటేస్తుందో! 2010లో రైల్వేకూ, ఆ ప్రయోగశాలను నడిపే డీఆర్‌డీవోకూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు గ్వాలియర్–వారణాసి బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌కు ఈ తొట్లు అమర్చారు. దశాబ్దం తిరిగేసరికి దేశంలోని ప్రయాణికుల బోగీలన్నిటికీ అవి వచ్చాయని రైల్వే ప్రకటించింది.

ఈ కథకు అసలు మొదలు మాత్రం 1909లో ఉంది. ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు పనసపండు ఎక్కువై కడుపు ఉబ్బరించి, అహ్మద్‌పూర్ స్టేషన్లో దిగి చాటుకు వెళ్లాడు. ఇంతలో గార్డు ఈల వేశాడు. ఆయన ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకుని పరిగెత్తి, ప్లాట్‌ఫారం మీద ఆడామగా చూస్తుండగా బోర్లా పడ్డాడు. రైలు వెళ్లిపోయింది. ఆ గార్డుకు జరిమానా వేయకపోతే పత్రికలకెక్కుతానంటూ ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే అధికారులకు రాసిన ఉత్తరం నేటికీ ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. కింది తరగతి బోగీలకు మరుగుదొడ్లు రావడానికి అదే కారణమని చెబుతారు. ఒక్క ఉత్తరం అంత పని చేసిందా అన్నది పక్కన పెడదాం. దేశంలో ప్రయాణికుల రైళ్లు 1853లో మొదలైతే, అర్ధశతాబ్దం గడిచాక కూడా పేద ప్రయాణికుడు కడుపు బిగబట్టుకునే ప్రయాణం చేశాడన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఆ ఉత్తరంలో వినిపించేది అవమానపడిన మనిషి గొంతు. అతని పక్షాన న్యాయం ఉంది. కానీ ఆ న్యాయం పెట్టెలో ఒక రంధ్రంగా మాత్రమే వచ్చింది. ప్రయాణికుడి ఇబ్బంది తీరింది, అతను వదిలింది మాత్రం పట్టాల మీద పడింది. దాన్ని ఎత్తవలసిన మనిషికి ఉత్తరం రాసే వీలూ లేదు, రాస్తే చదివేవారూ లేరు.

ఆ తరవాతి అర్ధశతాబ్దంలో పెద్ద మార్పేమీ లేదు. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి, జపాన్ సహకారంతోనే, కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. 58 సొరంగాలతో సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడను దాటిన ఆ మార్గం ఇంజినీరింగ్‌లో సాహసమే. సరిగ్గా అదే దశాబ్దంలో, 1964లో జపాన్ షింకన్‌సెన్ రైళ్లను నడిపింది. వాటి మరుగుదొడ్ల కింద మలాన్ని నిలవ చేసే తొట్లున్నాయి. అంటే తొట్టి అప్పటికే తెలిసిన విద్య. ఇనుము ఇక్కణ్నుంచి వెళ్లింది, తొట్టి ఇక్కడికి రావడానికి ఇంచుమించు యాభై ఏళ్లు పట్టింది. ఆ యాభై ఏళ్లూ ఎండ పడని సొరంగాల్లో గ్యాంగ్‌మన్లు ఆ మలం మీదుగానే నడిచారు. మనం పోగొట్టుకున్నది ఆ కాలం, ఆ మనుషుల ఆరోగ్యం.

కొండ మీద నాలుగు రైళ్లు వదిలేది ఏపాటి, వానకు కొట్టుకుపోతుంది కదా అనవచ్చు. కొట్టుకుపోయి ఎక్కడికి చేరుతుందన్నదే ప్రశ్న. ఈ రైలు మార్గం బొర్రా గుహల పైభాగం మీదుగా సాగుతుంది. సున్నపురాయి పగుళ్లలోంచి నీరు పెద్దగా వడకట్టుకోకుండానే లోపలికి దిగుతుంది. ఆ గుహల గుండా పారే గోస్తనీ నది తాటిపూడి జలాశయం చేరి, విశాఖ నగరానికి తాగునీరవుతుంది. దారిలో గెడ్డల మీద, ఊటల మీద బతికే గిరిజన గూడేలున్నాయి. కొండ మీద పారేసింది కొండ మీదే ఉండదు. బోగీ వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటాకే మలాన్ని కిందికి వదిలే మరో పద్ధతిని కూడా రైల్వే కొన్నాళ్లు వాడింది. దానితో స్టేషన్లు శుభ్రపడ్డాయి, మురికి ఊళ్ల మీదికీ అడవుల మీదికీ జరిగింది. చోటు మార్చడం పరిష్కారం కాదు.

తొట్టి వచ్చేసింది కదా, ఇంకేం అంటే, 2017 నాటి కాగ్ (ప్రభుత్వ ఆడిట్ సంస్థ) నివేదిక సమాధానం చెబుతుంది. 2016–17లో పరిశీలించిన, ఇలాంటి తొట్లున్న 25,080 బయో టాయిలెట్లలో 1,99,689 లోపాలు బయటపడ్డాయి. వాటిలో సగానికి పైగా పూడుకుపోయినవే. సీసాలు, గుట్కా పొట్లాలు, టీ కప్పులు పడితే సూక్ష్మజీవి ఏం చేయగలదు? తొట్టి నిండిందనీ పూడిందనీ ముందే చెప్పే కొలమానం లేకపోతే, అది పొంగి వాసన వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పుడు చేతులు పెట్టేది ఎవరో మనకు తెలుసు. 2013 నాటి చట్టం మలాన్ని చేతితో ఎత్తే పనిని నిషేధిస్తూ రైలు పట్టాలనూ పేరుపెట్టి చేర్చింది. ఆ పనికి వ్యతిరేకంగా పోరాటం నడిపిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, 2016 మెగసెసే గ్రహీత. ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ గిరిజనుల కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి.  

కొలమానాలూ మోసం చేస్తాయన్నది మరో అభ్యంతరం. నిజమే. అమెరికాలో ఇళ్లలా వాడుకునే కారవాన్ల మురుగు తొట్లకు గోడలోంచి లోహపు మొనలు దిగి ఉంటాయి. నీరు తగిలితే కరెంటు పారి దీపం వెలుగుతుంది. ఆ మొనలకు కాగితం, జిడ్డు అంటుకుంటే ఖాళీ తొట్టి కూడా నిండినట్టే చూపిస్తుంది. అందుకు మందు కొలవడం మానేయడం కాదు. తొట్టి బయటి గోడకు అంటించి మట్టాన్ని పసిగట్టే పరికరాలు వచ్చాయి, వాటికి మురికి తగలదు. నీళ్లు ధారాళంగా పోయడం, తొట్టి ఖాళీ చేసిన ప్రతిసారీ కడగడం కూడా అక్కడి యజమానులు అలవాటు చేసుకున్నారు. కారవాన్ యజమానికి ఒకటి రెండు తొట్లే. రైల్వేకు లక్షల తొట్లు. కనక కొలత అవసరం ఇక్కడే ఎక్కువ. కోచ్ డిపోలో పనిచేసే మనిషికి ఏ బోగీ తొట్టి ఏ స్థితిలో ఉందో మూత తెరవకుండా తెలియాలి. బడ్జెట్లో పర్యాటకుల కోసం వేసే అద్దాల బోగీతో పాటు ఆ పరికరానికీ, దాన్ని చూసుకునే ఉద్యోగికీ, అతని చేతి తొడుగులకూ చోటుండాలి. అరకు అందానికి టిక్కెట్టు కొన్నవాళ్లమంతా దాని మురుగుకూ బాధ్యులమే.