ఋతువును దెలుపు ఫలశాకములు

ఏ నెల నేది కాయునో మన పెద్దలు పండుగలలో దాచిరి. ఉగాదికి మామిడికాయ, వినాయకచవితికి వెలగకాయ, కార్తికమున నుసిరిక, భోగికి రేగుపండు, సంక్రాంతికి గుమ్మడి, రథసప్తమికి చిక్కుడు.

ఏలూరునకు ఉత్తరమున మెట్ట, దక్షిణమున కొల్లేటిపల్లము. కొల్లేటి యంచులు వానలకు మునిగి వేసవికి తేలును. కావున మెట్టకాపు వేరు, లంకకాపు వేరు. 1852లో ధవళేశ్వరపు టానకట్ట ముగిసి కాలువలు పారిన పిదప డెల్టాను వరి యావరించెను. కూరపాదులకు పెరడును గట్టును మిగిలెను.

నేడు శీతలగిడ్డంగులును లారీలును ఏ ఋతువునందైన నే పండునైనను దెచ్చుచున్నవి. అందుచే బిడ్డలకు ఋతుజ్ఞానము సన్నగిల్లుచున్నది. 1999లో వెలసిన రైతుబజారులలో చూడుడు: ఏది పెక్కు గంపలలో నుండి వెల తగ్గునో అదియే యా నెల కాపు. తాడేపల్లిగూడెము చెంత వెంకటరామన్నగూడెమున 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. అయినను మనుమలకు తొలిపాఠము చెప్పవలసినవారు మీరే.